సర్వర్‌లో సాఫ్ట్‌వేర్ ఎక్కనప్పుడు

(సంఘ కార్యదర్శులకు, యూనియన్ కంప్యూటర్ విభాగం సిబ్బందికి జరిగిన పునశ్చరణ తరగతులలో ఒక సహకార ఇన్‌స్పెక్టరు చేసిన ప్రసంగ పాఠము)



తెల్లవారుజామున పాలు పోయించుకుని, లెక్క చూసుకుని, పాలు కూలర్‌కు చేర్చి అప్పుడు బస్సెక్కి వచ్చినవారు మీలో చాలామంది ఉన్నారు. సాయంత్రం పాలవేళకు మళ్లీ ఊరు చేరాలి. కనుక ఎక్కువ సేపు తీసుకోను.

ఈ విషయం మీద మాట్లాడడానికి నిజానికి ఒక కంప్యూటర్ ఇంజనీరును పిలవవలసింది. నేను సహకార నిర్వహణలో డిప్లొమా చేసినవాడిని. మాకు చెప్పిన పాఠాలు జమాఖర్చు, సహకార చట్టం, ఆడిట్. కంప్యూటరు ముందు కూర్చోవడం ఉద్యోగంలో చేరిన తరువాత, అదీ చాలా ఆలస్యంగా నేర్చుకున్నాను. అయితే 2023 ఆగస్టులో ఒక జిల్లా యూనియన్ కార్యాలయంలో, ఎక్కనని మొండికేసిన సాఫ్ట్‌వేర్ పక్కన రెండు రోజులపాటు కూర్చోవలసి వచ్చింది. ఆ యూనియన్ పేరు ఇక్కడ అనవసరం. చూసింది చూసినట్లు చెబుతాను.

ముందుగా సర్వర్ అంటే ఏమిటో ఒక మాట. మీ సంఘంలో సభ్యురాలు పాలు పోసినప్పుడు కొలత, వెన్న శాతం, ఎస్.ఎన్.ఎఫ్. నమోదై యూనియన్‌కు చేరుతున్నాయి కదా. అన్ని సంఘాల లెక్కలూ చేరి నిలిచే కంప్యూటరే సర్వర్. చాలాచోట్ల దానికి తెర గాని, మీటల పలక గాని ఉండవు. చల్లటి గదిలో ఒక మూల ఉంటుంది. పనిచేసేవారు తమ బల్ల దగ్గర ఉన్న కంప్యూటరు నుండి తీగ ద్వారా దానిలోనికి ప్రవేశించి పని చేసుకుంటారు. ఈ ముక్క గుర్తుంచుకోండి, ముందు ముందు పనికి వస్తుంది.

ఆ యూనియన్‌లో పాత సర్వర్ డిస్కు ఆగస్టు 17న పాడైపోయింది. ప్రతి రాత్రి లెక్కల నకలు వేరే డిస్కు మీదికి తీసే అలవాటు ఉండబట్టి లెక్కలు పోలేదు. అది వారి అదృష్టం కాదు, అలవాటు. కొత్త సర్వర్ అప్పటికే వచ్చి ఉన్నది. ఎలాగూ మార్చుతున్నాము గనుక కొత్త సాఫ్ట్‌వేర్ కూడా ఇప్పుడే ఎక్కించేద్దామని నిర్ణయించారు. కొత్తదానిలో ఒక మంచి సౌకర్యం ఉన్నది. సభ్యుల పేర్లు తెలుగులో ఉంటాయి, రసీదు తెలుగులో వస్తుంది. ఇంతకుముందు ఇంగ్లీషులో వచ్చే రసీదు చూసి, అది తనదో పక్కింటావిడదో తెలియక పిల్లలచేత చదివించుకునేవారు ఎందరో మీకు తెలుసు. సంఘాలవారు జూన్, జూలై నెలల్లో కూర్చుని పేర్లన్నీ తెలుగులో రాసి పంపారు.

ఇక్కడ నా అభిప్రాయం ఒకటి చెప్పి ముందుకు పోతాను. యంత్రం మారేరోజున సాఫ్ట్‌వేరును కూడా మార్చకూడదు. ఒకే రోజు కొలత పాత్రను, కొలిచే మనిషిని కూడా మార్చితే, తేడా వచ్చినప్పుడు ఎవరి వల్ల వచ్చిందో ఎలా చెబుతాము? కాని వారికి వ్యవధి లేదు. ఆగస్టు మొదటి పక్షం బిల్లు ఇరవయ్యో తేదీ లోపల పడాలి. ఆ ఏడాది అధిక శ్రావణం వచ్చి, నిజ శ్రావణంలో వరలక్ష్మీ వ్రతం 25వ తేదీ శుక్రవారం పడింది. పాలు పోసేవారిలో ఆడవారే ఎక్కువ. ఆ బిల్లు వ్రతానికి ముందు చేతికి రావడమంటే ఏమిటో మీకు నేను చెప్పనక్కరలేదు.

ఎక్కించే పని కంప్యూటర్ విభాగంలో కాంట్రాక్టు మీద పనిచేసే ఒక కుర్రవాడికి అప్పగించారు. 19వ తేదీ శనివారం మొదలుపెట్టాడు. ఆ సాఫ్ట్‌వేర్ నడవాలంటే కింద పోస్ట్‌గ్రెస్ అనే డేటాబేస్ ఉండాలి. ఇది అమెరికాలో బర్క్‌లీ విశ్వవిద్యాలయంలో 1986లో మొదలైన పని. 1996 నుండి పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్ అనే పేరుతో ఉచితంగా అందరికీ దొరుకుతున్నది. లెక్కలన్నీ నిలవ ఉండే ఖజానా అది. పైన మనకు కనబడే బిల్లుల సాఫ్ట్‌వేర్ గుమాస్తా వంటిది. ఖజానా తెరిస్తేనే గుమాస్తా పనిచేస్తాడు.

డేటాబేస్ ఎక్కినట్లే కనబడింది. తెర మీద గబగబా వరుసలు పోయాయి, చివరకు పని ముగిసింది. తరువాత బిల్లుల సాఫ్ట్‌వేర్ ఎక్కించబోతే సగంలో ఆగి, ఖజానాతో మాట కలవడం లేదని, 5432వ ద్వారం దగ్గర ఎవరూ పలకడం లేదని చెప్పింది. పోస్ట్‌గ్రెస్ మామూలుగా వినే ద్వారం సంఖ్య అదే.

కుర్రవాడు డేటాబేస్ సేవ నడుస్తున్నదా అని అడిగి చూశాడు. "యాక్టివ్" అని జవాబు వచ్చింది. పక్కన కుండలీకరణంలో "ఎగ్జిటెడ్" అని మరో మాట కూడా ఉన్నది. మొదటి మాట చూసి రెండోది వదిలేశాడు. అది వదిలేసే మాటే అనుకోండి. ఉబుంటు, డెబియన్ వ్యవస్థల్లో ఆ పై సేవ ఉత్త బోర్డు వంటిది. లోపల ఖజానా చక్కగా నడుస్తున్నప్పుడూ ఆ రెండు మాటలే వస్తాయి, లోపల ఏమీ లేనప్పుడూ ఆ రెండు మాటలే వస్తాయి. సంఘం బోర్డు వేలాడుతున్నది గనుక సంఘం నడుస్తున్నదని రాసుకుపోయే ఇన్‌స్పెక్టరు ఎంత సరైనవాడో, ఆ మాటను నమ్మడం అంత సరైనది. అలా రాసుకుపోయిన రోజులు నాకూ ఉన్నాయి, దాచుకోను.

సేవ నడుస్తున్నది, ద్వారం పలకడం లేదు అంటే మధ్యలో ఎవరో అడ్డుకుంటున్నారని అతని ఊహ. కాపలా గోడ తీసి చూశాడు. సంకేతపదం మార్చి చూశాడు. తీగ మార్చాడు. అవేవీ కుదరక డేటాబేసును మొత్తం తీసివేసి మళ్లీ ఎక్కించాడు. మళ్లీ అదే. ఆదివారమంతా ఇదే. మూడుసార్లు తీసి మూడుసార్లు పెట్టాడు. సాఫ్ట్‌వేర్ సరఫరా చేసినవారికి ఫోను చేస్తే, మా దగ్గర ఇదే సర్వర్ రకం మీద పది నిమిషాల్లో ఎక్కింది, మీవాడికి చేతకావడం లేదని అన్నారు. వారి దగ్గర ఎక్కిన మాట నిజమే.

నేను సోమవారం ఉదయం వేరే తనిఖీ మీద అక్కడికి వెళ్లాను. మేనేజరుగారు కాఫీ తెప్పించి అసలు సంగతి చెప్పి, "బిల్లు ఆలస్యానికి కారణం కంప్యూటర్ సిబ్బంది అసమర్థత అని మీ నోట్‌లో ఒక ముక్క రాయండి సార్. పై వారికి చూపించుకోవాలి" అన్నారు. ఆయన బాధ ఆయనది. పొద్దుటి నుంచి సంఘాల ఫోన్లు. ఒక మహిళా సంఘం కార్యదర్శి నేను అక్కడ ఉండగానే ఫోను చేసి, "మా వాళ్లు దాణా కొట్టుకు ఇవ్వాల్సింది ఇవ్వలేదండీ, అతను ఈ వారం దాణా ఇవ్వనంటున్నాడు. వ్రతం మాట అటుంచండి, గేదెకేం పెట్టాలి?" అని అడిగింది. ఆ ప్రశ్నకు ఆ గదిలో ఎవరమూ జవాబు చెప్పలేదు. మేనేజరుగారు చెప్పిన ముక్క నేను నోట్ పుస్తకంలో చిత్తుగా రాసుకున్నాను. సంతకం మాత్రం చేయలేదు.

మధ్యాహ్నం ఆ గదికి వెళ్లాను. కుర్రవాడు నాలుగోసారి తీసివేయబోతున్నాడు. కళ్లు ఎర్రగా ఉన్నాయి.

"ఆగు నాయనా, ఇప్పటికి చేసినదానికి చిట్టా ఏమైనా ఉన్నదా?" అని అడిగాను.

"చిట్టా అంటే లాగ్ ఉంటుంది సార్. కాని అందులో అంతా మామూలే."

"నీవు చదివావా?"

"చివర చూశాను సార్. చివర అంతా సరిగానే ఉంది."

మాకు ఆడిట్ నేర్పిన గురువుగారు ఒక మాట అనేవారు. నిలవ తేలనప్పుడు చివరి పేజీ వంక చూస్తూ కూర్చుంటే రాత్రి గడుస్తుంది గాని తేడా దొరకదు, తేడా మొదట ఏ పేజీలో పుట్టిందో అక్కడికి నడవాలి అని. ఆయన చెప్పింది రోజుపుస్తకం గురించి. ఆ కుర్రవాడి చేత శనివారం నాటి మొదటి ప్రయత్నపు చిట్టాను కాగితం మీద అచ్చు తీయించాను. ఉబుంటులో ఏ సాఫ్ట్‌వేర్ ఎక్కించినా తెర మీద కనబడినదంతా ఒక దస్త్రంలో నిలిచి ఉంటుందట. పదకొండు కాగితాలు వచ్చాయి. స్కేలు పెట్టుకుని మొదటి వరుస నుండి ఇద్దరమూ చదివాము. నాకు సగం మాటలు అర్థం కాలేదు. అర్థం కానిచోటల్లా ఆపి అడిగాను. చదవడం కంటె ఆ అడగడమే ఎక్కువ పనిచేసింది. అలవాటైన కళ్లు దాటిపోయే వరుసలు అలవాటు లేని కళ్లకు అడ్డం పడతాయి.

రెండో కాగితంలోనే ఒక హెచ్చరిక ఉన్నది. లొకేల్ అమరిక కుదరలేదని, అందుచేత మామూలు అమరికకు దిగుతున్నానని. "ఇదేమిటి?" అన్నాను. "అది ఎప్పుడూ వస్తుంది సార్, మేం పట్టించుకోం" అన్నాడు. తొమ్మిదో కాగితంలో అదే మాట మళ్లీ వచ్చింది. ఈసారి హెచ్చరిక కాదు, తప్పు అని రాసి ఉన్నది. పరిసరాలు కోరిన లొకేల్ చెల్లదు, మొదటి క్లస్టర్‌ను సృష్టించలేకపోయాను, దయచేసి మీరే చేతితో సృష్టించుకోండి, దానికి ఆదేశం ఇది, అని. క్లస్టర్ అంటే ఆ ఖజానా గదే. సాఫ్ట్‌వేర్ వచ్చింది గాని గది కట్టలేదు. కట్టలేదని చెప్పింది కూడా. చెప్పి, తన మిగతా పని తాను ముగించుకుని, అంతా సవ్యంగా ఉన్నట్లు పోయింది. ఆ తప్పు మీద మరో రెండు కాగితాల మామూలు వరుసలు పేరుకున్నాయి.

కుర్రవాడు చాలాసేపు మాట్లాడలేదు. తరువాత సర్వర్‌లో ఎన్ని క్లస్టర్లు ఉన్నాయో జాబితా అడిగాడు. తలకట్టు ఒక్కటే వచ్చింది, కింద ఒక్క వరుస లేదు. రెండు రోజులుగా లేని గదికి తాళంచెవులు మార్చుతున్నాడన్నమాట.

లొకేల్ అంటే కంప్యూటరు ఏ భాషలో, ఏ దేశపు పద్ధతిలో నడవాలో చెప్పే అమరిక. తేదీ ఎలా రాయాలి, అక్షరాలు ఏ క్రమంలో పేర్చాలి, ఏ లిపి వాడాలి అనేవి అందులో ఉంటాయి. చెల్లదన్న ఆ లొకేల్ పేరు కాగితం మీద చూస్తే టి, ఇ, కింద గీత, ఐ, ఎన్ అని ఉన్నది. అంటే తెలుగు, ఇండియా. సర్వర్‌ను ఎవరూ తెలుగులో అమర్చలేదు. మరి తెలుగు ఎక్కడ నుంచి వచ్చింది?

అతని లాప్‌టాప్ నుంచి వచ్చింది. ఆ అబ్బాయికి మాతృభాష మీద అభిమానం. తన కంప్యూటరులో మెనూలు, తేదీలు అన్నీ తెలుగులోనే పెట్టుకున్నాడు. ఇందాక గుర్తుంచుకోమన్నాను చూడండి, సర్వర్‌లోకి వేరే కంప్యూటరు నుండి ప్రవేశిస్తారని. ఉబుంటు, డెబియన్ వ్యవస్థల్లో అలా ప్రవేశించేటప్పుడు మనిషితోపాటు అతని భాషా అమరిక కూడా వెంట వెళుతుంది. పంపేవైపు పంపమని ఉంటుంది, పుచ్చుకునేవైపు పుచ్చుకోమని ఉంటుంది, రెండూ మామూలుగా వచ్చే ఏర్పాట్లే. అల్లుడు వస్తూ తన అలవాట్లు కూడా తెచ్చుకున్నట్లు. అయితే ఆ సర్వర్ కనీసపు సరంజామాతో వచ్చింది, దానిలో తెలుగు లొకేల్ తయారు చేసి లేదు. తనకు తెలియని భాషలో గది కట్టమంటే కట్టనన్నది. ఎన్నిసార్లు తీసి పెట్టినా పెడుతున్న మనిషి వెంట అదే అమరిక వస్తున్నది. సరఫరాదారు దగ్గర ఎక్కించినవారి కంప్యూటరు ఇంగ్లీషులో ఉన్నది గనుక అక్కడ పది నిమిషాల్లో అయింది. ఒకచోట అయి మరోచోట కాకపోతే, "మా దగ్గర అయింది" అన్న మాటతో ఫోను పెట్టేయకూడదు. రెండు చోట్లా తేడా ఏమున్నది అని అక్కడ మొదలుపెట్టాలి.

పాత రోజుల్లో గెర్బర్ పరీక్ష చేసినవారు మీలో ఉంటే ఒక్క మాట. 10 మిల్లీలీటర్ల సల్ఫ్యూరిక్ ఆమ్లం, 10.75 మిల్లీలీటర్ల పాలు, 1 మిల్లీలీటరు ఎమైల్ ఆల్కహాలు పోసి, గొట్టాన్ని తిప్పి చూస్తే, కొవ్వు పొర కింద నల్లని నలుసులు కనబడేవి. కొత్తవారు గొట్టం కడిగి మళ్లీ అదే సీసాలోని ఆమ్లం పోసి మళ్లీ తిప్పేవారు. మళ్లీ నలుసులే. ఆమ్లం బలం ఎక్కువైందని తెలిసినవారు ముందు సీసా చూసేవారు.

ఇక కథ అయిపోయిందని మేము ఇద్దరమూ అనుకున్నాము. కుర్రవాడు ఉత్సాహంగా లొకేలును "సి" అనే కనీసపు అమరికకు మార్చి, క్లస్టర్ సృష్టించమని ఆదేశం ఇచ్చాడు. క్షణంలో గది లేచింది. 5432వ ద్వారం పలికింది. బిల్లుల సాఫ్ట్‌వేర్ ఆటంకం లేకుండా ఎక్కింది. రాత్రి ఎనిమిది గంటలకు మేనేజరుగారు మిఠాయి తెప్పించారు.

మిఠాయి తిన్న తరువాత సభ్యుల పేర్లు ఎక్కించడం మొదలుపెట్టాము. కొన్ని పేర్లు ఎక్కాయి, కొన్ని ఎక్కలేదు. "రసీదు పేరు" అనే గడిలో 20 అక్షరాలకు మించి రాకూడదట, మించినదని తిప్పికొడుతున్నది. తిప్పికొట్టిన వాటిలో మొదటి పేరు లక్ష్మి.

లక్ష్మి అన్న పేరులో 20 అక్షరాలు ఎక్కడివి? వరలక్ష్మీ వ్రతం నాలుగు రోజుల్లో ఉండగా లక్ష్మిని గడప దాటనివ్వని సాఫ్ట్‌వేర్ ఏమిటని మేనేజరుగారు తల పట్టుకున్నారు. ఆ రాత్రికి ఆపించాను. అలసిన కళ్లతో తప్పు వెతికితే కొత్త తప్పు చేస్తాము. ఆ సంగతి మాత్రం నాకు కంప్యూటరు లేకుండానే తెలుసు.

మంగళవారం ఉదయం ఒక తెల్లకాగితం తీసుకుని రెండు గళ్లు గీశాను. ఒకవైపు ఎక్కిన పేర్లు, రెండోవైపు ఎక్కనివి. రమ, సీత, పద్మ, నాగమణి, సుభద్ర ఎక్కాయి. లక్ష్మి, సావిత్రి, వెంకటమ్మ ఎక్కలేదు. కుర్రవాడు చూసి ఒత్తులున్న పేర్లు ఎక్కడం లేదన్నాడు. పద్మలో ఒత్తు లేదా? సుభద్రలో? ఆ ఊహ కొట్టేశాము. పొడవు పేర్లా అంటే, నాగమణి నాలుగక్షరాలు ఎక్కింది, లక్ష్మి రెండక్షరాలు ఎక్కలేదు. అదీ కొట్టేశాము. ఊహను కాగితం మీద పెట్టి కొట్టివేయడం మంచి అలవాటు. మనసులో ఉన్న ఊహ కొట్టివేతకు ఒప్పుకోదు.

అప్పుడు కుర్రవాడు యూనికోడ్ పట్టిక తీసి, కంప్యూటరు తెలుగును ఎలా లెక్క పెడుతుందో నాకు చూపించాడు. 1991లో వచ్చిన మొదటి యూనికోడ్ నుండి తెలుగుకు అందులో చోటున్నది. కాని మనం అక్షరం అనుకునేది దానికి ఒక్కటి కాదు. లక్ష్మి అంటే మనకు రెండక్షరాలు. దానికి ల, క, పొల్లు, ష, పొల్లు, మ, గుడి, మొత్తం ఏడు. ఆ ఏడింటిలో ఒక్కొక్కటి నిలవ చేయడానికి మూడేసి బైట్లు కావాలి. ఏడు మూళ్లు ఇరవై ఒకటి.

గడి 20. పేరు 21.

మిగతావి లెక్క వేశాము. నాగమణి ఆరు, మూడేసి చొప్పున 18. సుభద్ర ఆరు, 18. పద్మ నాలుగు, 12. సావిత్రి ఎనిమిది, 24. వెంకటమ్మ ఎనిమిది, 24. రెండు గళ్లూ అతికినట్లు సరిపోయాయి. ముప్పై ఏళ్ల ఉద్యోగంలో నిలవ తేలినప్పుడు చాలాసార్లు సంతోషపడ్డాను, ఇంత సంతోషం కొద్దిసార్లే.

గడిలో 20 అంటే 20 అక్షరాలు అనుకోవలసిన డేటాబేసు 20 బైట్లు అని ఎందుకు అనుకుంటున్నది? జవాబు సోమవారం రాత్రి మేము తిన్న మిఠాయిలో ఉన్నది. "సి" అనే కనీసపు అమరికలో గది కట్టమంటే, పోస్ట్‌గ్రెస్ ఆ గదికి ఏ లిపీ నిర్ణయించదు. ఎస్‌క్యూఎల్ ఆస్కీ అనే పేరుతో, వచ్చిన బైట్లను వచ్చినట్లు పెట్టుకుంటుంది. అవి తెలుగో మరొకటో చూడదు, బైటునే అక్షరంగా లెక్కిస్తుంది. యూటీఎఫ్-8 అనే లిపి అమరికతో గది కట్టి ఉంటే లక్ష్మిని ఏడుగానే లెక్కించేది. మేము ఒక తప్పును దాటడానికి తొందరలో రెండో తప్పును పునాదిలో పెట్టాము. ఎక్కలేదన్నది మొదటి తప్పు, తనంతట తానే చెప్పుకుంది. ఎక్కిందన్నది రెండో తప్పు, మిఠాయి తినిపించింది. గడి 20 కాక 100 ఉండి ఉంటే పేర్లన్నీ ఎక్కిపోయేవి, ఈ లోపం ఎప్పటికో గాని బయటపడేది కాదు. అప్పటికి లెక్కలన్నీ ఆ గదిలోనే ఉండేవి.

ఒక్క బిల్లు కూడా రాయకముందే దొరికింది గనుక సరిదిద్దడం తేలిక అయింది. ముందుగా ఉన్నదాని నకలు తీశాడు. అవసరం లేదని నేనన్నా తీశాడు, అతనే సరి. సర్వర్‌లో తెలుగు లొకేలును తయారు చేశాడు. పాత క్లస్టరును తీసివేసి, లిపి యూటీఎఫ్-8 అని స్పష్టంగా చెప్పి కొత్తది సృష్టించాడు. ఈసారి "అయింది" అన్న మాటను నమ్మకుండా జాబితా అడిగి, లిపి పేరు కళ్లతో చూసి, అప్పుడు బిల్లుల సాఫ్ట్‌వేర్ ఎక్కించాడు. మొట్టమొదట ఎక్కించిన పేరు లక్ష్మి. తరువాత రాజరాజేశ్వరి.

బుధవారం ఒక సంఘం రిజిస్టరు తెప్పించి, ఆ సంఘం మొదటి పక్షం బిల్లును నేను చేతితో వేశాను. కంప్యూటరు వేసినదానితో పైసలతో సహా సరిపోయింది. 24వ తేదీ గురువారం సాయంత్రానికి ఖాతాల్లో డబ్బు పడింది. ఇరవయ్యో తేదీకి పడవలసినది నాలుగు రోజులు ఆలస్యంగా పడింది. దాణా కొట్టు బాకీ ఉన్నవారికి ఆ నాలుగు రోజులూ నాలుగు రోజులే, దాన్ని తక్కువ చేసి చెప్పను.

ఇది యూనియన్ స్థాయి సంగతి గదా, సంఘంలో మాకేమి పని అని మీరు అడగవచ్చును. మీ దగ్గరి కంప్యూటరులో కూడా సాఫ్ట్‌వేర్ మార్చుతామని మనుషులు వస్తారు. వచ్చిన రోజున పాలు పోసే రెండు పూటలూ చేతి రిజిస్టరు తప్పక రాయండి. కనీసం ఒక పక్షం బిల్లు పాత పద్ధతిలో, కొత్త పద్ధతిలో రెండింటిలోనూ వేసి పోల్చేవరకు పాతదాన్ని చెరపనివ్వకండి. పని మధ్యలో కరెంటు పోతే సగం ఎక్కి సగం ఎక్కని స్థితి వస్తుంది, అది అసలు ఎక్కకపోవడం కంటె చెడ్డది. బ్యాటరీ నిండా ఉన్నదో లేదో చూసుకుని మొదలుపెట్టమనండి. డిస్కులో ఖాళీ ఎంత ఉన్నదో ముందే అడగండి. నిండిన డిస్కు మీద ఎక్కించబోతే వచ్చే తప్పులు చిత్రవిచిత్రంగా ఉంటాయి, ఖాళీ లేదన్న మాట ఒక్కటి తప్ప అన్నీ తెర మీద కనబడతాయి. గడియారం, తేదీ సరిగా ఉన్నాయో చూడండి. పాత యంత్రంలో చిన్న బ్యాటరీ అయిపోయి తేదీ ఏళ్లు వెనక్కి పోతే, ఇంటర్నెట్ నుండి దింపుకోవలసినవి భద్రతా పత్రం చెల్లదని దిగనే దిగవు, మనం నెట్‌ను తిట్టుకుంటూ కూర్చుంటాము.

ఎక్కలేదని ఫోను చేసేటప్పుడు "సార్, రావడం లేదు" అని మాత్రం చెప్పకండి. తెర మీద ఏమి రాసి ఉన్నదో మొదటి తప్పు దగ్గర నుండి ఫోటో తీసి పంపండి. మీకు అర్థం కాకపోయినా ఫరవాలేదు. పేర్లు ఎక్కించి చూసేటప్పుడు తేలిక పేర్లతో సరిపెట్టుకోకుండా, మీ సంఘంలో అన్నిటికంటె గజిబిజిగా ఒత్తులున్న పేరుతో చూడండి. రమ ఎక్కింది గదా అని లేచిపోతే, లక్ష్మి మీ గుమ్మం దగ్గర నిలబడి ఉంటుంది.

యూనియన్ అధికారులకు ఒక మనవి కూడా ఉన్నది. మూడు రోజులు నిద్ర లేకుండా పనిచేసే కుర్రవాడిని అసమర్థుడని రాయడానికి ఒక వరుస చాలు. అతని పక్కన పదకొండు కాగితాలు చదవడానికి ఒక పూట పట్టింది. ఆ పూట శనివారమే ఎవరైనా ఇచ్చి ఉంటే బిల్లు సకాలంలో పడేది. ఆ మాట నాకూ వర్తిస్తుంది. సోమవారం ఉదయం నేనూ చదవకుండానే రాసుకున్నాను.

ఆ చిత్తు ముక్కను కొట్టివేసి, నివేదికలో నేను రాసింది ఇది: "మొదటి పక్షం బిల్లు చెల్లింపు నాలుగు దినములు ఆలస్యమైనది. యంత్రమును, సాఫ్ట్‌వేరును ఒకేసారి మార్చుట, ఎక్కింపు చిట్టాను చదవకపోవుట ఇందుకు కారణములు. లోపమును కనుగొని సరిదిద్దినది కంప్యూటర్ విభాగపు కాంట్రాక్టు ఉద్యోగి." పదకొండు కాగితాలనూ, రెండు గళ్లు గీసిన తెల్లకాగితాన్నీ దానికి జతపరచాను.

మీ సందేహాలు ఏమైనా ఉంటే ఇప్పుడు అడగవచ్చును. బస్సుకు ఇంకా ముప్పావు గంట ఉన్నది.